పాకడం సంగతి తర్వాత, ముందు వినికిడి చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకి 10 నెలలు నిండి రెండు వారాలైంది. నెలలు నిండకుండా, 7 వారాల ముందే పుట్టాడు. 12 రోజులు ఎన్‌ఐసీయూలో (అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో) ఉంచారు. ఇన్ఫెక్షన్‌ అని ఇంజెక్షన్లు ఇచ్చారు, కామెర్లకి లైట్ల కింద పెట్టారు. ఇప్పుడు బరువు బాగానే పెరుగుతున్నాడు. 8వ నెలలో కూర్చున్నాడు కానీ ఇంతవరకూ పాకలేదు. కూర్చున్న చోటి నుంచే పిరుదుల మీద జరుగుతూ గదంతా తిరుగుతాడు. నిలబెడదామని ఎత్తితే కాళ్లు ముందుకు చాపి గాలిలో కూర్చున్నట్టు ఉంటాడు. వీడికంటే పది రోజులు చిన్నదైన మా తోడికోడలి పాప గోడ పట్టుకుని నడిచేస్తోంది. ఫోన్‌లో పెట్టుకున్న యాప్ ప్రతి నెలా ఏదో ఒకటి ఆలస్యమని చూపిస్తోంది. మా అత్తగారు వాకర్ కొనమంటున్నారు. మావారు తనకీ నడక, మాటలు ఆలస్యంగానే వచ్చాయని, వీడికీ అవే వస్తాయని కొట్టిపారేస్తున్నారు. నాకు టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంకో చిన్న విషయం, పేరు పెట్టి పిలిస్తే పెద్దగా తిరిగి చూడడు. ఆటలో పడిపోతాడనుకుంటా. ‘ఆ’, ‘ఊ’ అంటాడు తప్ప ‘బబబ’, ‘దదద’ లాంటివి ఇంకా లేవు. తలుపు గట్టిగా పడితే మాత్రం ఉలిక్కిపడతాడు, కాబట్టి చెవులకేమీ లేదని ఇంట్లో అందరూ అంటున్నారు. వీడిని పాకించాలంటే ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరమంతా పాకడం గురించే ఉంది. నేను మాత్రం చివర్లో మీరు ‘చిన్న విషయం’ అని రాసిన మాట దగ్గర ఆగిపోయాను. పాకడం గురించి కూడా చెబుతాను, అందులో మీ మనసు కాస్త తేలికపడే సంగతులే ఎక్కువ. కానీ ముందు ఈ వారంలోనే మీరు చేయాల్సిన పని ఒకటుంది. బాబుకి వినికిడి పరీక్ష చేయించండి.

భయపెట్టడానికి కాదు ఇలా అంటున్నది. పరీక్షలో అంతా బాగుందని రావచ్చు, అలాగే రావాలని నేనూ కోరుకుంటున్నాను. కానీ మీరు రాసిన మూడు విషయాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్‌ఐసీయూలో 12 రోజులు ఉన్నాడు. పేరు పిలిస్తే తిరగడం లేదు. హల్లులతో కూడిన శబ్దాలు ఇంకా రావడం లేదు. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ ఒక్కో సర్దుబాటు చెప్పుకోవచ్చు. మూడూ ఒకే బిడ్డలో కనిపించినప్పుడు సర్దుబాట్లు వెతకడం మానేసి పరీక్ష చేయించాలి.

ఎన్‌ఐసీయూలో 5 రోజులకు మించి ఉన్న పిల్లల్లో వినికిడి లోపం వచ్చే అవకాశం మామూలు పిల్లల కంటే ఎక్కువ. ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే మందుల్లో జెంటామైసిన్ లాంటి కొన్ని, ప్రాణాలు నిలబెట్టేవే అయినా, లోపలి చెవిలోని సన్నని కణాలను దెబ్బతీయగలవు. కామెర్లకు లైట్ల కింద పెట్టడం వల్ల చెవులకు ఏమీ కాదు. రక్తం మార్చాల్సినంత తీవ్రంగా కామెర్లు వచ్చిన పిల్లల విషయం వేరు. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న డిశ్చార్జి సమ్మరీ తీసి చూడండి. ఏ మందులు ఎన్ని రోజులు ఇచ్చారో, వినికిడి పరీక్ష చేశారో లేదో అందులో ఉండాలి. ఒకవేళ అప్పట్లో చేసి ‘పాస్’ అని రాసి ఉన్నా సరే, మళ్లీ చేయించాల్సిందే. పుట్టినప్పుడు బాగున్న వినికిడి నెలల తర్వాత తగ్గే పిల్లలూ ఉన్నారు. అందుకే ఇలా ఎన్‌ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు 9 నెలల లోపు మరోసారి పూర్తి పరీక్ష చేయించమని చెబుతారు.

ఇక తలుపు చప్పుడు. ఇంట్లో అందరూ ధైర్యం తెచ్చుకున్నది దీన్ని చూసే కదా. దాదాపు ప్రతి కుటుంబమూ నాకు ఇదే చెబుతుంది. గట్టిగా పడిన తలుపు పెద్ద శబ్దం. అది నేలను, మంచాన్ని కూడా అదిరిస్తుంది. బాగా తక్కువగా వినిపించే బిడ్డ కూడా దానికి ఉలిక్కిపడగలడు. వినికిడి లోపం అంటే అసలేమీ వినపడకపోవడమే అనుకుంటాం. ఎక్కువమంది పిల్లల్లో అది సగం సగంగా ఉంటుంది. బరువైన, పెద్ద శబ్దాలు వినపడతాయి. సన్నవీ మెల్లనివీ వినపడవు. మన మాటల్లో అచ్చులు బలంగా ఉంటాయి. ‘స’, ‘శ’, ‘త’, ‘ప’, ‘క’ లాంటి వాటిలో గాలి శబ్దమే ఎక్కువ, బలం తక్కువ. అలాంటి బిడ్డకి మీ గొంతు వినపడుతుంది, అందులోని మాట మాత్రం అందదు. దూరంగా వేరే గదిలో ఎవరో గొణుగుతున్నట్టు ఉంటుంది. అందుకే ‘ఆ’, ‘ఊ’ అంటాడు, ‘బబబ’ దాకా రాలేకపోతాడు.

ఇంట్లో చప్పట్లు కొట్టి, గిన్నె మోగించి పరీక్షించవద్దు. పిల్లలు మహా చురుకైనవాళ్లు. వెనక నుంచి వచ్చినా మీ నీడ చూస్తారు, చెయ్యి ఊపితే గాలి తగిలి తిరుగుతారు, ఎదుట కూర్చున్నవాళ్ల కళ్లు ఎటు తిరిగాయో చూసి అటే తిరుగుతారు. వాడు తిరిగితే మీరు సంతోషిస్తారు, పరీక్ష మరో రెండు నెలలు వెనక్కి పోతుంది.

చిన్నప్పుడు ‘ఉంగా ఉంగా’ అని కబుర్లు చెప్పేవాడు కదా, మరి వినపడకపోతే అలా అనేవాడా అని మీకు అనుమానం రావచ్చు. మొదటి నెలల్లో వచ్చే ఆ కూతలు పుట్టుచెవుడు ఉన్న పిల్లల్లోనూ వస్తాయి. తేడా తెలిసేది ఆ తర్వాతే. వినపడే పిల్లలు 6 నుంచి 10 నెలల మధ్య తమ గొంతు తామే వింటూ, మన మాటలు వింటూ ‘బబబ’, ‘మమమ’, ‘దదద’ అని ఒకే అక్షరాన్ని తిప్పి తిప్పి పలకడం మొదలుపెడతారు. వినపడని పిల్లల్లో ఇది చాలా ఆలస్యమవుతుంది, వచ్చినా పలుచగా వస్తుంది.

పరీక్ష గురించి బెంగ పడకండి. సూదులు ఉండవు, నొప్పి ఉండదు. ఒక పరీక్షలో చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ లాంటిది పెట్టి మెల్లని శబ్దం పంపుతారు. లోపలి చెవి బాగుంటే అది తిరిగి సన్నని ప్రతిధ్వని ఇస్తుంది, యంత్రం దాన్ని పట్టుకుంటుంది. దీన్ని ఓఏఈ అంటారు. మీ బాబుకి ఇది ఒక్కటే సరిపోదు. బెరా అనే రెండో పరీక్ష కూడా కావాలని గట్టిగా అడగండి. అందులో నుదుటి మీద, చెవుల వెనక చిన్న స్టిక్కర్లు అంటించి, శబ్దం చెవి నుంచి నరం మీదుగా మెదడు దాకా చేరుతోందో లేదో చూస్తారు. లోపలి చెవి బాగుండి, నరం సరిగా పనిచేయని పిల్లలు కొందరు ఉంటారు. ఎన్‌ఐసీయూలో ఉన్నవారిలో ఇది కాస్త ఎక్కువ. మొదటి పరీక్ష వాళ్లను పట్టుకోలేదు. మధ్య చెవిలో నీరు చేరిందేమో చూడటానికి ఇంకో చిన్న పరీక్ష ఉంది. అలా నీరు చేరడం వల్ల తాత్కాలికంగా వినికిడి తగ్గిన పిల్లలు చాలామందే ఉంటారు, దానికి వైద్యం ఉంది.

పిల్లాడు నిద్రపోతేనే పరీక్ష సరిగా జరుగుతుంది. కాబట్టి అపాయింట్‌మెంట్ వాడు పడుకునే వేళకి తీసుకోండి, ముందు కాసేపు మేలుకొలిపి ఉంచండి, అక్కడికి వెళ్లాక పాలు పట్టి పడుకోబెట్టండి.

ఇంత తొందర ఎందుకంటే, మెదడులో మాటలు వినే భాగం మొదటి రెండు మూడేళ్లలో అందే శబ్దాలతోనే రూపుదిద్దుకుంటుంది. అందుకే నెలలోపు వినికిడి పరీక్ష, లోపం ఉంటే 3 నెలలకల్లా నిర్ధారణ, 6 నెలలకల్లా సాయం అని ఒక లెక్క పెట్టుకున్నారు. మీ బాబు ఆ లెక్క దాటాడు. అంతమాత్రాన చేయి దాటిపోయిందని కాదు. వినికిడి యంత్రాలు నెలల పిల్లలకూ పెడతారు. అవి చాలని పిల్లలకు ఏడాది వయసు దగ్గర్లోనే కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే, శబ్దాన్ని నేరుగా నరానికి అందించే పరికరం) చేస్తున్నారు. ఆలస్యం ఇక్కడితో ఆగాలి, నేను అడిగేది అంతే.

వినికిడి బాగుందని తేలితే చాలా సంతోషం. కానీ పేరు పిలిస్తే తిరగకపోవడాన్ని అప్పుడూ వదిలేయవద్దు. మీ కళ్లలోకి చూసి నవ్వుతాడా, మీరు నవ్వితే బదులు నవ్వుతాడా, ఎత్తుకోమని చేతులు చాస్తాడా, దాగుడుమూతలాడితే ఎదురుచూస్తాడా గమనించండి. ఏడాది దాటేసరికి టాటా చెప్పడం, కావాల్సింది వేలుతో చూపించడం రావాలి. వేలు చూపించడంలోనూ తేడా ఉంది. ‘అది ఇవ్వు’ అని చూపించడం ఒకటి. ‘అమ్మా, అదిగో చూడు’ అని చూపించి మళ్లీ మీ మొహం వైపు తిరగడం ఇంకొకటి. ఈ రెండోది నాకు అన్నిటికంటే విలువైన సంకేతం. తను చూసిన దాన్ని మీరూ చూడాలని బిడ్డ కోరుకుంటున్నాడన్నమాట.

ఇప్పుడు పాకడం. ముందు వయసు సరిచేసుకుందాం. మీ బాబు 7 వారాలు ముందే పుట్టాడు. రెండేళ్లు వచ్చేదాకా ఎదుగుదలను లెక్కించేటప్పుడు ఆ 7 వారాలూ తీసేయాలి. అంటే ఎదుగుదల లెక్కలో వాడికి ఇంకా 9 నెలలు కూడా పూర్తిగా నిండలేదు. యాప్ పుట్టిన తేదీ నుంచి లెక్కపెడుతోంది కాబట్టే ప్రతి నెలా మిమ్మల్ని ఏడిపిస్తోంది. పుట్టిన తేదీ బదులు డాక్టర్ మొదట ఇచ్చిన డెలివరీ డేట్ వేసి చూడండి. అయినా టెన్షన్ తగ్గకపోతే ఆ యాప్ తీసేయండి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, అందులో ఏమీ తీసేయకూడదు. తోడికోడలి పాప నెలలు నిండి పుట్టి ఉంటే, మీ వాడు తేదీల్లో పది రోజులు పెద్దవాడు, ఎదుగుదలలో దాదాపు నెలా పది రోజులు చిన్నవాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది ఆరోగ్యవంతమైన పిల్లలను క్రమం తప్పకుండా గమనించి, 2006లో ఆ లెక్కలు ప్రకటించింది. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి 4 నెలలైనా నిండకముందే వచ్చింది, కొందరికి 9 నెలలు దాటాక వచ్చింది. చేతులు మోకాళ్ల మీద పాకడం 5 నెలల నుంచి 13న్నర నెలల దాకా ఎప్పుడైనా. సొంతంగా నడవడం 8 నెలల నుంచి 17న్నర నెలల దాకా. అందరూ ఆరోగ్యంగా ఉన్న పిల్లలే. వాళ్లలో నూటికి నలుగురు అసలు పాకనే లేదు. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన ఎదుగుదల పట్టికను సరిదిద్దినప్పుడు అందులోంచి పాకడాన్నే తీసేసింది. మీ బాబు 8వ నెలలో, అంటే ఎదుగుదల లెక్కలో 6న్నర నెలలకే, కూర్చున్నాడు. ఇది మంచి సంగతి.

పిరుదుల మీద జరిగే పిల్లలు ఒక ప్రత్యేకమైన బాపతు. వాళ్లు పాకరు, బోర్లా పడుకోబెడితే విసుక్కుంటారు, ఎత్తి నిలబెట్టబోతే గాలిలో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు కాళ్లు చాపుతారు. సరిగ్గా మీరు రాసినట్టే. ఇలాంటి పిల్లలకు నడక ఏడాదిన్నర దాటాక, ఒక్కోసారి రెండేళ్ల దగ్గర్లో వస్తుంది. ఇది కుటుంబాల్లో నడుస్తుంటుంది. మీ వారు ఆలస్యంగా నడిచారన్నారు కదా, చిన్నప్పుడు ఆయన పాకారా, జరిగారా అని మీ అత్తగారిని అడగండి. ‘వాడూ ఇలాగే జరిగేవాడమ్మా’ అంటే నేనేమీ ఆశ్చర్యపోను.

అయినా నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కాబట్టి పిల్లల డాక్టర్ ఒక్కసారి కాళ్లు చేతులు పట్టి చూడాలి. కండరాలు మరీ బిగుసుకుని ఉన్నాయా, మరీ మెత్తగా వేలాడుతున్నాయా, ఎత్తినప్పుడు కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికొకటి వస్తున్నాయా అని చూస్తారు. ఒక చెయ్యి మాత్రమే వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచుతున్నాడేమో మీరూ గమనించండి. ఏడాదిలోపే ‘మా వాడు ఎడమచేతి వాటం’ అని మురిసిపోయే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే, ఆ వయసులో వాటం ఏర్పడదు. రెండో చెయ్యి ఎందుకు వాడటం లేదో చూపించండి. ఎదుగుదల లెక్కలో 18 నెలలు వచ్చేసరికి నడక రాకపోతే, జరిగే బాపతే అయినా సరే, మళ్లీ చూపించాలి.

వాకర్ వద్దు. అత్తగారు మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు, ఆ మాట నొచ్చుకోకుండా చెప్పండి. వాకర్ నడక నేర్పదు. బిడ్డ అందులో వేలాడుతూ మునివేళ్లతో నేలను తంతాడు. బరువు మోయడం, తూలడం, పడబోయి సర్దుకోవడం, ఇవేవీ అందులో ఉండవు. నడక అంటేనే అవి. పైగా క్షణంలో మెట్ల దగ్గరికో, పొయ్యి దగ్గరికో చేరతాడు. కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది.

మరి నడకకు కావాల్సిన బలం ఎలా వస్తుందంటారా? అప్పుడే పుట్టిన బిడ్డను నిలబెట్టి పట్టుకుంటే అడుగులు వేస్తుంది, రెండు నెలలకల్లా అది పోతుంది. మెదడు ఎదిగి దాన్ని అణిచేస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఎస్తర్ థెలెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆవిడతో పనిచేసినవాళ్లు కలిసి 1984లో ఒక తేలికైన పని చేశారు. అడుగులు తగ్గిపోయిన పిల్లలను ఛాతీ దాకా నీళ్లలో నిలబెట్టారు. నీళ్లలో కాళ్ల బరువు తగ్గగానే అడుగులు మళ్లీ వచ్చాయి! బిడ్డకి అడుగు రాక కాదు, ఒళ్లు చేసిన కాళ్లను ఎత్తే బలం చాలక ఆగింది. ఆ బలం నేల మీద వదిలేస్తే వస్తుంది. శుభ్రమైన గట్టి నేల, ఒంటికి పట్టేయని బట్టలు, చేతికి అందీ అందనంత దూరంలో వాడికి నచ్చిన వస్తువు, ఎదురుగా మీరు. మెలకువగా ఉన్నప్పుడు రోజులో అప్పుడప్పుడూ, విసుక్కునే లోపే ఆపుతూ, మీ ఛాతీ మీదో ఒళ్లోనో బోర్లా వేసుకోండి. కాళ్లు కిందికి పెట్టి కూర్చునే చిన్న పీట మీద కూర్చోబెట్టి, పాదాలు నేలకు తగిలేలా చేసి ఆడించండి. గాలిలో కూర్చునే పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

మీ వారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఆయన ధైర్యం నడక విషయంలో సరైనదే. మాటల విషయంలో కాదు. ‘నాకూ లేటే, అవే వస్తాయి’ అన్న మాట నమ్మి మూడేళ్లు నిండాక పిల్లలను తీసుకొచ్చిన తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. వాళ్లలో కొందరు పిల్లలకు నిజంగానే అవే వచ్చాయి. కొందరికి రాలేదు, అప్పటికి పోయిన కాలం మళ్లీ తేలేకపోయాం. మగపిల్లలు కాస్త ఆలస్యంగా మాట్లాడతారన్నది నిజమే, కానీ ఆ తేడా చాలా తక్కువ. మగపిల్లలైనా ఆడపిల్లలైనా ఏడాదికల్లా ‘బబబ’లు, సైగలు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా దా’, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోయినా చూపించాల్సిందే. ఏ వయసులోనైనా వచ్చిన మాట, వచ్చిన చూపు, వచ్చిన ఆట వెనక్కి పోతే అదే వారం డాక్టర్ దగ్గర ఉండాలి. చూద్దాం అనుకుంటే ‘ఎప్పటి దాకా’ అన్న తేదీని క్యాలెండర్‌లో రాసుకుని మరీ చూడాలి.

పరీక్ష అయ్యేదాకా ఇంట్లో టీవీ, ఫోన్ వీడియోలు ఆపేయండి. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలు వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీ ఇంట్లో ఇంకో కారణం కూడా ఉంది. వెనక ఎప్పుడూ మోత ఉంటే తక్కువ వినపడే బిడ్డకి మీ గొంతు అసలే అందదు. దూరం నుంచి పిలవకండి. దగ్గరకు వెళ్లి, వాడి మొహానికి ఎదురుగా, వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చుని మాట్లాడండి. వాడు ‘ఆ’ అంటే మీరూ ‘ఆ’ అనండి, ఆగండి, వాడి వంతు రానివ్వండి. రెండోసారి ‘బా’ కలిపి చూడండి.

డిశ్చార్జి సమ్మరీతో పాటు, వాడు జరుగుతున్నది, ఆడుకుంటున్నది, మీరు పిలిచినప్పుడు ఏం చేస్తున్నాడన్నది ఒక్కో నిమిషం వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. ఆసుపత్రిలో కొత్త మొహాలు చూసి పిల్లలు ఏడుపు తప్ప ఇంకేమీ చూపించరు. రిపోర్టు ఎలా వచ్చినా రెండు వాక్యాల్లో నాకు రాయండి, దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెబుతాను.